విద్యా ఋణం: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

చదువులో ఒక మెట్టు ముగిసి మరో మెట్టు మొదలయ్యే వేళ విద్యార్థి మనస్సు సందిగ్ధంలో పడుతుంది. ఏ శాస్త్రం చదవాలి, ఏ కళాశాలలో చేరాలి, ఆ వ్యయం ఎవరు భరించాలి, ఇంతవరకు చదివిన చదువు అక్కడ అక్కరకు వస్తుందా అనే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి ముసురుకుంటాయి. 1881లో బెంగుళూరు నగరంలో ఇరవై ఏళ్ళ యువకుడొకరు ఇటువంటి కూడలిలోనే నిలిచారు. చేతిలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చిన బి.ఏ. పట్టా ఉంది. గణితశాస్త్రంలో చక్కని ప్రవేశం ఉంది. లేనిదల్లా ధనం. పుట్టిన సంస్థానంలో ఇంజనీరింగు కళాశాల కూడా లేదు. ఆ యువకుడే తరువాతి కాలంలో భారతదేశపు ఇంజనీర్లందరికీ ఆదర్శప్రాయుడైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆ రోజున ఆయనకు లభించిన చేయూత ఏమిటో, దానిని ఆయన ఏ విధంగా తిరిగి చెల్లించారో తెలిపేదే ఈ జీవితగాథ.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని చిక్కబళ్ళాపురం సమీపాన ఉన్న ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, ఆయుర్వేదం తెలిసినవాడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్ళినవారు. ఊరు విడిచి తరాలు గడిచినా ఊరి పేరు ఇంటిపేరై నిలిచింది. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, తండ్రి వద్ద సంస్కృతం, బడిలో ఇంగ్లీషు ఆ బాలుని చెవులకు సహజంగా అలవడ్డాయి.

ఆ కుటుంబానికి పాండిత్యమే ఆస్తి. విశ్వేశ్వరయ్య బాల్యంలోనే తండ్రి మరణించారు. భారమంతా తల్లిపై పడింది. ఆమె అధైర్యపడక కుమారుని చదువును కొనసాగించాలని నిశ్చయించుకున్నారు. బెంగుళూరులో ఉన్న మేనమామ రామయ్య ఆశ్రయం ఇచ్చారు. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించుకున్న బాలుడు బెంగుళూరులోని వెస్లియన్ మిషన్ ఉన్నత పాఠశాలలో చేరారు. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని దహించిన మహాక్షామం ఆయన విద్యార్థి దశలోనే వచ్చింది. ఆ క్షామంలో మైసూరు సంస్థానం తన జనాభాలో సుమారు అయిదో వంతును కోల్పోయింది. వాన కురవకపోతే నేల ఏమవుతుందో, నేలను నమ్ముకున్న మనిషి ఏమవుతాడో ఆ తరం వారు పుస్తకాలలో చదవలేదు, కన్నులారా చూశారు.

ఉన్నత పాఠశాల తరువాత ఆయన బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చేరారు. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచేది. మేనమామ అన్నం పెట్టగలిగారు గాని కళాశాల చదువుకు అయ్యే ఖర్చంతటినీ భరించే స్థితి ఆయనకు లేదు. అందువల్ల విశ్వేశ్వరయ్య ఒక ప్రభుత్వోద్యోగి ఇంట పిల్లలకు చదువు చెప్పి కొంత సంపాదించుకునేవారు. చదువు చెప్పే ఇంటికీ, మేనమామ ఇంటికీ, కళాశాలకూ మధ్య ప్రయాణమంతా కాలినడకనే. కాలాన్ని నిమిషాలుగా లెక్కపెట్టుకునే అలవాటు, వేళ తప్పకుండా పని ముగించే నియమం ఆయనకు జీవితాంతం తోడుగా ఉన్నాయి. వాటికి బీజం ఆ నడకలోనే పడిందనుకోవచ్చు.

కళాశాల ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్ ఈ పేద విద్యార్థి గణిత ప్రతిభను గమనించి ఆదరించారు. 1881లో విశ్వేశ్వరయ్య బి.ఏ. పరీక్షలో విశేషమైన యోగ్యతతో ఉత్తీర్ణులయ్యారు. ఆనాడు బి.ఏ. పట్టభద్రుడంటే సమాజంలో గొప్ప గౌరవం. కచేరీలో గుమాస్తా ఉద్యోగానికో, పాఠశాలలో ఉపాధ్యాయ పదవికో ఆ పట్టా చాలు. కుటుంబ పరిస్థితి చూస్తే వెంటనే ఉద్యోగంలో చేరడమే వివేకమని ఎవరైనా చెబుతారు. ఇంజనీరింగు చదవాలంటే పట్టభద్రుడై కూడా మళ్ళీ విద్యార్థిగా తరగతి గదిలో కూర్చోవాలి. సంపాదన మొదలు కావలసిన వయస్సులో మరికొన్నేళ్ళు ఖర్చు పెట్టాలి. అయినా ఆయన మనస్సు చదువువైపే మొగ్గింది.

ఆ రోజుల్లో ఇంజనీరింగు కళాశాలలు దేశమంతటా వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే ఉండేవి. గంగా కాలువ నిర్మాణానికి కావలసిన సిబ్బందిని తయారుచేయడానికి 1847లో రూర్కీలో ఒక కళాశాల వెలసింది. మద్రాసులో 1794లో సర్వే పాఠశాలగా ఆరంభమైన సంస్థ 1859లో సివిల్ ఇంజనీరింగు కళాశాలగా రూపొందింది. 1854లో పూనాలో ఇంజనీరింగు తరగతులు మొదలయ్యాయి. ఆ సంస్థే పెరిగి సైన్సు కళాశాల అనే పేరుతో బొంబాయి విశ్వవిద్యాలయం పరిధిలో ప్రసిద్ధి చెందింది. 1856లో కలకత్తాలో స్థాపించిన కళాశాల 1880లో శిబ్‌పూర్‌కు మారింది. ఇవికాక ఇంగ్లండులో కూపర్స్ హిల్ అనే చోట 1871లో ప్రభుత్వం ఒక కళాశాలను నెలకొల్పింది. భారతదేశంలోని ప్రజాపనుల శాఖకు ఉన్నతోద్యోగులను సమకూర్చడమే దాని లక్ష్యం. అక్కడ చేరిన భారతీయులు అతి కొద్దిమంది. అంత దూరం వెళ్ళి చదవడం విశ్వేశ్వరయ్య వంటి పేద విద్యార్థికి ఊహకైనా అందని విషయం.

అంటే ఆనాడు ఏ కళాశాలలో చదివితే ఏ ఉద్యోగం, ఎంత ఎత్తు అనే విషయం చాలావరకు ముందే నిర్ణయమై ఉండేది. కళాశాల ఎంపిక కేవలం చదువుకు సంబంధించినది కాదు. అది జీవితపు హద్దును గీసే రేఖ. విశ్వేశ్వరయ్య పట్టా మద్రాసు విశ్వవిద్యాలయానిది కనుక మద్రాసు కళాశాలే ఆయనకు సహజమైన గమ్యంగా తోస్తుంది. కాని తలుపు తెరుచుకున్నది మరొక దిక్కున.

1881 మార్చిలో మైసూరు సంస్థాన చరిత్రలో ఒక పెద్ద మార్పు జరిగింది. 1831 నుండి యాభై ఏళ్ళపాటు సాగిన బ్రిటిషు కమిషనర్ల పాలన ముగిసి, రాజ్యం తిరిగి మహారాజు చామరాజేంద్ర ఒడయారుకు దక్కింది. రంగాచార్లు దివానుగా బాధ్యతలు స్వీకరించారు. క్షామంతో చితికిపోయిన రాజ్యాన్ని నిలబెట్టడానికి సమర్థులైన యువకులు కావాలి. ప్రతిభ గల ఈ పట్టభద్రునికి మైసూరు ప్రభుత్వం విద్యార్థివేతనం మంజూరు చేసింది. ఆ ఆసరాతో ఆయన పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు శాఖలో చేరారు.

పూనా కొత్త ఊరు. మాట కొత్త, ఆహారం కొత్త, వాతావరణం కొత్త. బి.ఏ. వరకు చదివిన చదువు అక్కడ వృథా కాలేదు. నీటి ప్రవాహాన్ని లెక్కకట్టాలన్నా, వంతెన మోయవలసిన బరువును అంచనా వేయాలన్నా, నేల వాలును కొలవాలన్నా గణితమే ఆధారం. ఆ పునాది బెంగుళూరులోనే గట్టిగా పడి ఉండటంతో పూనాలో ఆయన దృష్టినంతా కొత్త విషయాల మీద నిలపగలిగారు. 1881లో బి.ఏ. పూర్తిచేసిన ఆయన 1883లోనే ఎల్.సి.ఇ., ఎఫ్.సి.ఇ. అనే సివిల్ ఇంజనీరింగు పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. ఇవి నేటి బి.ఇ. పట్టాతో సమానమైనవి. ఆ పరీక్షల్లో ప్రథమ స్థానం సాధించి జేమ్స్ బర్క్లీ బహుమానాన్ని కూడా అందుకున్నారు. ఒక చోట సంపాదించిన జ్ఞానం మరొక చోట మూలధనమై వృద్ధి పొందింది.

ఫలితాలు వెలువడగానే బొంబాయి ప్రభుత్వం ఆయనను ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నియమించింది. 1884లో నాసిక్‌లో ఉద్యోగ జీవితం మొదలైంది. విద్యార్థివేతనం ఇచ్చింది మైసూరు, ఉద్యోగం ఇచ్చింది బొంబాయి. సొంత సంస్థానానికి చెల్లించవలసిన ఋణం అలాగే మిగిలింది. అది తీరడానికి పాతికేళ్ళు పట్టింది.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలోనే ఖాందేశ్ ప్రాంతంలో ఒక కష్టమైన పని ఆయనకు అప్పగించారు. పాంజరా నదికి అడ్డంగా సైఫన్ గొట్టం ద్వారా నీటిని దాటించాలి. ఒక గట్టున గొట్టంలో ప్రవేశించిన నీరు నది అడుగు భాగం గుండా సాగి, తన ఒత్తిడితోనే అవతలి గట్టుకు ఎక్కాలి. ఆ పని వర్షాకాలపు వరదల మధ్య, ఇసుక మేటల మధ్య సాగింది. ఎడతెగని ఆటంకాలను దాటి ఆయన దానిని పూర్తిచేశారు. కళాశాలలో నేర్చిన సూత్రం నది దగ్గర ఎన్ని విధాల పరీక్షకు గురవుతుందో ఆయనకు అక్కడ తెలిసింది.

1890ల మధ్యలో సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి తాగునీరు అందించే బాధ్యత ఆయనకు వచ్చింది. సింధునది పక్కనే పారుతున్నా ఆ నీరు బురదమయం. నీటిని వడకట్టే కట్టడాలు నిర్మించడానికి పురపాలక సంఘం వద్ద చాలినంత సొమ్ము లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి తవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరి వచ్చే నీరు ప్రకృతి సహజంగానే తేటపడుతుంది. ఆ తేటనీటిని పైకి తోడి ఊరికి అందించారు. డబ్బు లేమి ఆయనకు కొత్త కాదు. ఉన్నదానితో పని సాధించే మార్గాన్ని వెతకడం చిన్ననాటి నుండి ఆయనకు అలవాటే.

పూనా నగరానికి నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆయన ప్రతిభ మరింత వెలుగులోకి వచ్చింది. జలాశయంలో మరికొంత నీటిని నిలువచేయాలి. ఆనకట్ట ఎత్తు పెంచితే ఖర్చు ఎక్కువ. పైగా పాత కట్టడం మీద భారం పెరుగుతుంది. ఆయన వరదనీరు పొర్లిపోయే భాగంపై స్వయంచాలకమైన తలుపులను అమర్చారు. నీరు నిర్ణీత మట్టం వరకు ఉన్నంతసేపూ అవి మూసుకొని ఉంటాయి. మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకొని అదనపు నీటిని వదిలిపెడతాయి. ఉధృతి తగ్గగానే మళ్ళీ మూసుకుంటాయి. 1903లో అమర్చిన ఈ తలుపుల వల్ల ఆనకట్టను పెంచకుండానే నిలువ పెరిగింది. తరువాతి కాలంలో గ్వాలియరు వద్ద తిగ్రా ఆనకట్టకూ, కృష్ణరాజసాగరానికీ ఈ పద్ధతినే ఉపయోగించారు.

దక్కన్ ప్రాంతపు కాలువల క్రింద ఆయన మరొక సంస్కరణ చేపట్టారు. కాలువ ఎగువన ఉన్న రైతులు చెరకుకు విచ్చలవిడిగా నీరు పెట్టడం, దిగువన ఉన్నవారు ఎండిన పొలాలను చూస్తూ కూర్చోవడం అక్కడ ఆనవాయితీగా మారింది. ఆయన ఆయకట్టును ఖండాలుగా విభజించి, పంటలను వంతులవారీగా మార్చుతూ, నీటిని కొలతతో పంచే విధానాన్ని రూపొందించారు. నీటిని నిలువచేయడం ఎంత ముఖ్యమో న్యాయంగా పంచడం అంతకంటె ముఖ్యమని ఈ విధానం నిరూపించింది. 1906లో ప్రభుత్వం ఆయనను ఏడెన్‌కు పంపి అక్కడి నీటి సరఫరా, మురుగు పారుదల పథకాలపై సలహా తీసుకుంది.

సమర్థత వల్ల ఆయన తనకంటె ముందు చేరిన పలువురిని దాటి పదోన్నతులు పొందారు. అయినా ఒక హద్దు కనిపిస్తూనే ఉంది. ప్రజాపనుల శాఖలోని అత్యున్నత పదవులు ఆ కాలంలో ఇంగ్లండు నుండి వచ్చిన అధికారులకే దక్కేవి. పూనాలో ప్రథమ స్థానం పొందినవాడైనా, ఎన్ని నిర్మాణాలు చేసినవాడైనా, భారతీయుడు బొంబాయి ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరు కావడం దుర్లభం. ఆ సత్యాన్ని గ్రహించిన విశ్వేశ్వరయ్య ఫిర్యాదులతో కాలం గడపలేదు. 1908లో తనంతట తానే ఉద్యోగ విరమణ కోరి, ప్రపంచంలోని పారిశ్రామిక దేశాలను చూడటానికి బయలుదేరారు.

ఆయన విదేశాలలో ఉన్న సమయంలోనే హైదరాబాదు నగరంలో ఘోర విపత్తు సంభవించింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది మహోగ్రంగా పొంగింది. ఎగువన కురిసిన కుంభవృష్టికి పరీవాహక ప్రాంతంలోని రెండు వందలకు పైగా చెరువులు తెగిపోయాయి. ఆ నీరంతా ఒక్కసారిగా నగరంపై విరుచుకుపడింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య సహాయాన్ని అర్థించింది. 1909లో ఆయన హైదరాబాదుకు వచ్చి, వర్షపాతపు లెక్కలనూ, తెగిన చెరువుల వివరాలనూ, నది వాలునూ ఓపికగా పరిశీలించి నివేదిక సమర్పించారు.

నగరం లోపల గోడలు కట్టి నదిని ఆపాలనుకోవడం కంటె, నగరానికి ఎగువనే వరదను నిలిపి మెల్లమెల్లగా విడిచిపెట్టడం మేలని ఆయన ఆలోచన. అందుకు మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై మరొకటి జలాశయాలు నిర్మించాలని సూచించారు. నదీతీరాలను చదునుచేసి ఉద్యానాలుగా తీర్చిదిద్దాలనీ, మురుగు పారుదల వ్యవస్థ ఏర్పరచాలనీ సలహా ఇచ్చారు. ఆ సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి పుట్టిన ఆ రెండు జలాశయాలు భాగ్యనగరవాసుల దాహాన్ని కూడా తీర్చాయి. మోక్షగుండం నుండి వలస వెళ్ళిన కుటుంబంలో పుట్టిన బిడ్డ తెలుగు నేలకు చేసిన మహోపకారం ఇది.

హైదరాబాదు పని ముగుస్తున్న దశలో మైసూరు నుండి పిలుపు వచ్చింది. చీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించమని సంస్థానం కోరింది. ఆయన వెంటనే అంగీకరించలేదు. మామూలు మరమ్మతు పనులతో కాలక్షేపం చేయడం ఆయనకు ఇష్టం లేదు. పెద్ద నిర్మాణాలకు, సాంకేతిక విద్యకు, పరిశ్రమల స్థాపనకు అవకాశం ఉంటుందో లేదో ముందుగా తెలుసుకున్నారు. హామీ లభించిన తరువాతనే 1909 నవంబరులో బాధ్యతలు చేపట్టారు. ఒకనాడు విద్యార్థివేతనంతో తనను సాగనంపిన రాజ్యానికి ఆయన పరిణతి చెందిన ఇంజనీరుగా తిరిగివచ్చారు.

కావేరి నదిపై కన్నంబాడి వద్ద నిర్మించిన కృష్ణరాజసాగరం ఆయన కీర్తికి శాశ్వత చిహ్నం. 1911లో పని మొదలైంది. అంత పెద్ద మొత్తం ఖర్చుచేయడం చిన్న సంస్థానానికి తగునా అని ఆర్థిక శాఖవారు వెనుకాడారు. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం తమ నీటివాటా తగ్గుతుందని అభ్యంతరం తెలిపింది. ఆనకట్ట ఎత్తుపై వివాదం చెలరేగింది. విశ్వేశ్వరయ్య లెక్కలతోనూ ఓర్పుతోనూ తన వాదాన్ని నిలబెట్టారు. సిమెంటు సులభంగా దొరకని ఆ కాలంలో సున్నం, సుర్కీ కలిపిన గచ్చుతో ఆ మహానిర్మాణం సాగింది. శివనసముద్రంలోని విద్యుత్కేంద్రానికి ఏడాది పొడవునా నిలకడగా నీరు అందింది. మండ్య ప్రాంతపు మెట్టభూములు మాగాణిగా మారాయి. ఈ మేలు కోసం పాత కన్నంబాడి గ్రామం నీట మునిగిందనే సంగతిని కూడా మరువరాదు. ఏ పెద్ద నిర్మాణానికైనా మూల్యం చెల్లించేవారు కొందరుంటారు.

1912లో మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయారు విశ్వేశ్వరయ్యను దివానుగా నియమించారు. ఇంజనీరు పరిపాలకుడయ్యారు. ఆరేళ్ళ కాలంలో మైసూరు బ్యాంకు ఏర్పడింది. భద్రావతిలో ఇనుము కర్మాగారానికి పునాది పడింది. నిర్బంధ ప్రాథమిక విద్యకు శాసనం వచ్చింది. పాఠశాలల సంఖ్య ఎంతో పెరిగింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం అవతరించింది. స్వదేశీ సంస్థానాలలో స్థాపితమైన తొలి విశ్వవిద్యాలయం అదే. ఒకప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటూ తాను చదివిన సెంట్రల్ కళాశాల ఆ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

ఆ మరుసటి ఏడాది, అంటే 1917లో, బెంగుళూరులో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. 1881లో సంస్థానంలో ఇంజనీరింగు చదువుకు చోటు లేక ఆయన పూనా వెళ్ళవలసివచ్చింది. ముప్పై ఆరేళ్ళ తరువాత మైసూరు విద్యార్థులకు ఆ అవసరం తప్పింది. ఆ కళాశాల నేడు ఆయన పేరుతోనే ప్రసిద్ధమై ఉంది. తాను పొందిన విద్యార్థివేతనం ఒక్కరి చదువుకు సరిపోయేది. ఆయన తిరిగి ఇచ్చిన కళాశాల తరతరాల విద్యార్థులకు చాలింది. ఋణం తీర్చడమంటే తీసుకున్నంత ఇవ్వడమే కాదని ఆయన చేతలతో చూపించారు.

దివాను పదవీకాలపు చివరి ఘట్టం మాత్రం సంఘర్షణతో నిండినది. ప్రభుత్వోద్యోగాలలో ఒక వర్గంవారే అధికంగా ఉన్నారనీ, వెనుకబడిన వర్గాలకు తగిన స్థానం కల్పించాలనీ సంస్థానంలో గట్టి కోరిక వినిపించింది. మహారాజు 1918లో లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. విద్యను అందరికీ విస్తరింపజేయడమే మార్గమనీ, ఉద్యోగాలకు యోగ్యతే ప్రమాణం కావాలనీ విశ్వేశ్వరయ్య అభిప్రాయం. మహారాజు దృష్టి వేరు. ఈ భేదం ఒక ముఖ్యకారణంగా ఆ ఏడాది చివర ఆయన పదవి నుండి తప్పుకున్నారు. మహారాజు మార్గం తరువాతి కాలంలో సామాజిక న్యాయానికి దారి వేసింది. యోగ్యత వికసించాలంటే ఎవరో ఒకరు మొదట చేయూతనివ్వాలనే సత్యానికి విశ్వేశ్వరయ్య జీవితమే నిదర్శనం. ఆ చేయూత ఏ రూపంలో ఉండాలన్న విషయంలోనే ఆయన, మహారాజు వేరుపడ్డారు. వేరుపడినా పరస్పర గౌరవం చెడలేదు. కొన్నేళ్ళకు భద్రావతి కర్మాగారం నష్టాలలో కూరుకుపోగా, దానిని చక్కదిద్దమని సంస్థానం ఆయననే కోరింది. ఆయన వెళ్ళి దానిని నిలబెట్టారు. ఆ సేవకు తనకు రావలసిన పారితోషికాన్ని వృత్తివిద్యాసంస్థ స్థాపనకు వినియోగింపజేశారు. బెంగుళూరులోని జయచామరాజేంద్ర వృత్తివిద్యాసంస్థ ఆ విధంగా ఏర్పడింది.

పదవులు లేకపోయినా పని ఆయనను విడువలేదు. 1920లో భారతదేశ పునర్నిర్మాణంపైనా, 1934లో ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థపైనా గ్రంథాలు రచించారు. దేశం స్వతంత్రమై పంచవర్ష ప్రణాళికలు చేపట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే ప్రణాళిక ఆవశ్యకతను ఆయన లెక్కలతో వివరించారు. ఒరిస్సా వరదల నివారణకు సలహాలిచ్చారు. తొంభై ఏళ్ళు దాటిన వయస్సులో బీహారులో గంగానదిపై వంతెన నిర్మించవలసిన స్థలాన్ని నిర్ణయించే పనిలో పాలుపంచుకున్నారు. 1951లో తన ఉద్యోగ జీవిత స్మృతులను గ్రంథరూపంలో వెలువరించారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదుతో సత్కరించింది. నిండు నూరేళ్ళ జీవితాన్ని గడిపి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. స్వగ్రామమైన ముద్దెనహళ్ళిలో ఆయన స్మారకం ఉంది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నది.

విశ్వేశ్వరయ్యకు కళాశాలను ఎంచుకునే స్వేచ్ఛ పెద్దగా లేదు. ఎక్కడ ఆసరా దొరికితే అక్కడికి వెళ్ళారు. పూనా పట్టా ఆయనకు బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగాన్ని ఇచ్చింది, కాని ఆ ఉద్యోగంలో ఒక హద్దు కూడా ఉండనే ఉంది. హద్దు ఎదురైన చోట ఆయన ఆగిపోలేదు, దారి మార్చుకున్నారు. బెంగుళూరులో నేర్చిన గణితాన్ని పూనాకు, పూనాలో నేర్చిన శాస్త్రాన్ని సింధు, మూసీ, కావేరి తీరాలకు తీసుకొనిపోయారు. చివరకు తనవంటి పేద విద్యార్థి చదువుకోసం ఊరు విడిచి పోనవసరం లేకుండా సొంతగడ్డపైనే కళాశాలను నిలిపారు. ఆ కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్న ప్రతి విద్యార్థి చదువులోనూ, 1881లో మైసూరు ప్రభుత్వం ఒక పేద పట్టభద్రునికి మంజూరు చేసిన ఆ చిన్న విద్యార్థివేతనపు ఫలం ఉంది.